బుడిపెగాడి నడక

మాస్టారు ఇరవై రెండేళ్ళుగా ఒకే ప్రాణికి నడక నేర్పుతున్నారు. ఆ ప్రాణి ఇంకా నేర్చుకుంటూనే ఉంది.

దాని పేరు బుడిపెగాడు. బోర్లించిన గిన్నెకి రెండు కళ్ళూ రెండు పాదాలూ తగిలిస్తే ఎలా ఉంటుందో అలా ఉంటాడు. చేతుల్లేవు. "గొడుగుపిల్ల" అనే వీడియో గేములో వాడు శత్రువు. గేమంటే పెద్ద చిక్కుముడి ఏమీ కాదు. గొడుగు పట్టుకున్న ఓ పిల్ల ఇళ్ళ కప్పుల మీంచి, గోడల మీంచి గెంతుకుంటూ ఆ చివరికి చేరాలి. దారిలో బుడిపెగాళ్ళు ఎదురొస్తారు. వాళ్ళు కరవరు, అరవరు, దేన్నీ విసరరు. నడుస్తారు, అంతే. వాళ్ళు తగిలితే పిల్లకి ఒక ప్రాణం పోతుంది. పిల్ల వాళ్ళ నెత్తిన గెంతితే మాత్రం వాళ్ళే పిచక్కుమని కాగితంలా చదునైపోతారు. కప్పు అంచుదాకా వచ్చిన బుడిపెగాడు కింద పడడు. ఆగుతాడు. ఓ క్షణం అటే చూస్తాడు. వెనక్కి తిరిగి మళ్ళీ మొదలుపెడతాడు.

ఇప్పటికి ఏడు గేములొచ్చాయి. ఒకదాంట్లో బుడిపెగాడికి టోపీ పెట్టారు, ఒకదాంట్లో రెక్కలు తగిలించారు, ఇంకోదాంట్లో మంచుకొండల్లోకి తోసి మెడ లేని మనిషికి మఫ్లరు చుట్టారు. నడక జోలికి మాత్రం వెళ్ళలేదు. నాలుగో గేములో కాస్త చురుగ్గా నడిపించబోతే ఆడేవాళ్ళు ఊరుకోలేదు. "మా వాణ్ణి ఏం చేశారు, పెళ్ళికి పరిగెత్తేవాడిలా ఉన్నాడు" అని ఉత్తరాల మీద ఉత్తరాలు. వాడికి చేతులెందుకు లేవన్నదాని మీదైతే గంటల తరబడి వాదించుకుంటారు. యుద్ధంలో పోయాయని కొందరు, పుట్టుకే అంతని కొందరు.

చేతులున్నాయి. వెనక్కి కట్టుకున్నాడు గనక ముందునించి కనపడవు. ఈ సంగతి తెలిసినవారు ప్రపంచం మొత్తంమీద మాస్టారొక్కరే. ఎందుకంటే ఆ నడక ఆయన భార్య అన్నగారిది.

మాస్టారు పనిచేసే కంపెనీ సైకిళ్ళ షాపు మీద, మూడో అంతస్తులో ఉంది. లిఫ్టు లేదు. మనుషులు పదహారుమంది, కుర్చీలు పదిహేను, కాబట్టి ఆలస్యంగా వచ్చినవాళ్ళకి స్టూలే గతి. బొమ్మలకి నడక, పరుగు, కోపం, ఆవలింత నేర్పడం మాస్టారి పని. ఊహించి గీసిన నడకలో ఎముకలుండవని ఆయన నమ్మకం. అందుకని బస్సులో, బ్యాంకులో, ఎక్కడ కూర్చున్నా ఎదుటివాళ్ళ కాళ్ళే చూస్తారు. ముఖాలు గుర్తుండవు. ఓసారి పక్కింటాయన కొత్త చొక్కా వేసుకుని ఎదురుపడి పలకరిస్తే ఎవరోలెమ్మని తలూపి ఊరుకున్నారు. ఆయన దాటిపోయాక వెనకనించి నడక చూసి, "అరెరే, మీరా!" అని వీధి చివరిదాకా పరిగెత్తారు.

ఎవరి దగ్గర ఏది తీసుకుంటే ఆ ఫైలుకి వాళ్ళ పేరే పెట్టేవారు. రేప్పొద్దున సరిచేయాల్సొస్తే ఎవరి దగ్గరికెళ్ళి చూడాలో తెలియాలి కదా. "సైకిల్‌షాపు ఓనరు ఆవలింత." "మెట్లకింది కుక్క నిద్ర." "పెద్దసారు కోపం." పెద్దసారంటే కంపెనీ యజమాని. ఆఫీసులో అందరూ రోజూ చూసే పేర్లే కాబట్టి, గోడకున్న సున్నంలాగా అవి ఎవరి కంటికీ ఆనేవి కావు. పెద్దసారి కంటికి కూడా.

ఆ అలవాటే కొంప ముంచింది.

ఏడో గేము బజార్లోకి వచ్చిన శుక్రవారం మధ్యాహ్నం, కోడు రాసే అమ్మాయి మాస్టారిని తన బల్ల దగ్గరికి పిలిచింది. ఆ అమ్మాయిని ఆఫీసులో అందరూ కోడమ్మ అంటారు.

"మాస్టారూ, కళ్ళు మూసుకోండి. ఆఁ, ఇప్పుడు తెరవండి. ఇది మీకోసమే చేశా, ఎవరికీ చెప్పలేదు."

గేము మొత్తం గెలిచినవాళ్ళకి చివర్లో ఓ గది తెరుచుకుంటుంది. బొమ్మల గది. ఏడు గేముల్లో మాస్టారు గీసిన కదలికలన్నీ అందులో వరసగా ఉన్నాయి, ప్రతిదానికీ కింద పేరు. పేరు నొక్కితే బొమ్మ కదులుతుంది.

"ఇన్నేళ్ళూ మీ పని ఎవరికీ విడిగా కనపడలేదు కదా. ఇప్పుడు చూస్తారు!"

"ఎంత మంచిదానివే తల్లీ," అన్నారు మాస్టారు. తర్వాత, "మరి ఈ పేర్లు?"

"మీ ఫైళ్ళ పేర్లే. వాటంతటవే వచ్చేట్టు రాశా. మూడొందల పైచిలుకు ఉన్నాయి, చేత్తో కొడుతూ కూర్చుంటే నా పని గోవిందా."

మాస్టారు పేర్లు కిందికి జరుపుతూ పోయారు. పెద్దసారు కోపం దగ్గర నవ్వొచ్చింది. ఇంకాస్త కిందికి పోయేసరికి జరుపుతున్న వేలు ఆగిపోయింది.

బావగారు నడక. బావగారు మలుపు. బావగారు తుమ్ము. బావగారు చితకడం. బావగారు పూర్తిగా చితకడం.

"పూర్తిగా అంటే ఏంటి మాస్టారూ?"

"మూడో గేములో ఏనుగొచ్చి తొక్కుతుంది," అన్నారు మాస్టారు నీరసంగా. "ఇవి తీసెయ్యచ్చా?"

"సోమవారం అప్‌డేటు పంపుతాం, అందులో ఏ పేరు కావాలంటే అది మారుస్తా. ఈలోపు మాత్రం కుదరదు. అయినా ఎందుకంత కంగారు? రెండ్రోజుల్లో గేములోని ఎనిమిది లోకాలూ గెలిచి ఆ గది తెరిచేవాళ్ళు ఎవరుంటారు చెప్పండి?"

ఎవరుంటారో మాస్టారికి తెలుసు. బుధవారంనాడే, ఊరందరికంటే ముందు, ఒక కాపీ తన చేత్తో తీసుకెళ్ళి ఇచ్చొచ్చారు. ఇచ్చింది ఎవరికో కాదు, బావగారి మనవరాలికే. పదేళ్ళ పిల్ల, వేళ్ళు మెరుపులు. ఆడేటప్పుడు పక్కన తాతగారు ఉండాల్సిందే.

బావగారి సంగతి కాస్త చెప్పుకోవాలి. బస్సు డిపోలో టైమ్‌కీపరుగా ముప్ఫై ఆరేళ్ళు చేశారు. ఆయన ఈల ఊదందే బస్సు గేటు దాటేది కాదు. చేతులు వెనక్కి కట్టుకుని, బరువంతా మడమల మీద వేసి, డిపో ఈ చివర్నించి ఆ చివరికి నడిచేవారు. ముందు పొట్ట వచ్చేది, తర్వాత ఆయన వచ్చేవారు. మంచి మనిషి. కాకపోతే పరువు విషయంలో మాత్రం చర్మం పల్చన. రిటైరైన రోజు పార్టీలో ఓ డ్రైవరు సరదాకి ఆ నడక నడిచి చూపించాడు. హాలంతా పడీపడీ నవ్వింది. బావగారు చేతిలోని టీ కప్పు బల్లమీద పెట్టి ఇంటికొచ్చేశారు. ఎనిమిదేళ్ళయింది, ఆ డ్రైవరుతో ఇప్పటిదాకా మాటల్లేవు. అతని ఇల్లు పక్క వీధే. ఆ గుమ్మం ముందునించి వెళ్ళాల్సొస్తుందని బావగారు కూరగాయలకి కూడా చుట్టు తిరిగి వెళ్తారు.

సరదాకి ఒక్కసారి నడిచినవాడికే ఎనిమిదేళ్ళు పడితే, లక్షలమంది చేత ఇరవై రెండేళ్ళుగా తొక్కిస్తున్నవాడికి ఎన్నేళ్ళు? మాస్టారు మెట్లు దిగుతూ లెక్కేశారు. తన ఆయుష్షు సరిపోదు.

తనొక్కడి విషయమైతే పడేవారు. మాస్టారి భార్యకి పుట్టగానే తల్లి, నాలుగేళ్ళప్పుడు తండ్రి పోయారు. అప్పటికి అన్నకి ఇరవై రెండు. జడలు వెయ్యడం దగ్గర్నించీ ఆయనే నేర్చుకుని పెంచారు. ఆవిడకి పుట్టిల్లంటే ఆ అన్నయ్యే. ఆ తలుపు మూసుకుంటే ఆవిడకి తట్టడానికి మరో తలుపు లేదు.

సాయంత్రం ఇంటికొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా భార్యకి చెప్పేశారు.

ఆవిడ మడతపెడుతున్న దుప్పటి అలాగే పట్టుకుని నిలబడిపోయింది. "అంటే... మా అన్నయ్యనా? ఇన్నేళ్ళూ మీరు తొక్కిస్తున్నది మా అన్నయ్యనా?"

"తొక్కేది నేను కాదే..."

"నేనూ తొక్కానండీ! రెండో గేము మొత్తం ఆడించారు నా చేత! 'బాగా తొక్కుతున్నావు' అని మెచ్చుకున్నారు కూడా!"

అంటూనే ఆవిడకి నవ్వొచ్చేసింది. దుప్పట్లో మొహం పెట్టుకుని భుజాలు కదిలేలా నవ్వింది. మొహం పైకెత్తేసరికి మాత్రం ఆ నవ్వు లేదు. "అన్నయ్యకి తెలిస్తే ఇంక మన గుమ్మం తొక్కడు," అంది. "నన్నూ రానివ్వడు."

అప్పుడే ఫోను మోగింది. మనవరాలు. "బొమ్మల తాతయ్యా! ఆరో లోకం అయిపోయింది. ఆదివారం మీరొస్తారుగా? మీ ముందే గెలుస్తా. చివర్లో ఏదో గది ఉందట కదా!"

మాస్టారు ఫోను పెట్టేశారు. ఆవిడ దుప్పటి మడత పూర్తిచేసి బీరువాలో పెట్టి, "మీరు చెప్తారో, ఆ పిల్ల చదివి వినిపిస్తుందో, తేల్చుకోండి," అంది.

ఆదివారం బావగారింట్లో, హాలు మధ్యలో టీవీ, టీవీ ముందు మనవరాలు, ఆమె వెనక పడక్కుర్చీలో బావగారు. "ఏమోయ్, రా, రా," అన్నారు ఆయన మాస్టారిని చూడగానే. "మీ బుడిపెగాళ్ళు ఈసారి మరీ ఎక్కువైపోయారోయ్. ఎటు చూసినా వాళ్ళే."

చెప్దామనే వచ్చిన మాస్టారికి ఆ 'ఏమోయ్' వినగానే ధైర్యం జారిపోయింది. ముందు పిల్ల కళ్ళ గురించి మాట్లాడారు. అంతసేపు చూస్తే కళ్ళు మండుతాయి, కాసేపు బయట తిరిగొద్దామా అన్నారు. పిల్ల తల తిప్పలేదు. తర్వాత టీవీ పక్కనున్న కుండీలో మొక్కని మెచ్చుకుంటూ వంగి, కాలితో ప్లగ్గు తన్నేశారు. టీవీ ఆరిపోయింది.

"అయ్యో, చూసుకోలేదమ్మా! మొత్తం మళ్ళీ మొదట్నించి ఆడాలేమో, పాపం..."

"ఏం అక్కర్లేదు, దానంతటదే సేవ్ అవుతుంది," అంది పిల్ల, ప్లగ్గు పెడుతూ. అవుతుంది మరి. పిల్లలు ఏడుస్తారు, ఎక్కడికక్కడ సేవ్ అయ్యేట్టు పెట్టండని పెద్దసారితో నెల్లాళ్ళు పోట్లాడిందీ మాస్టారే.

గుమ్మం దగ్గర నిలబడ్డ భార్య ఆయన్ని అదోలా చూసింది. ఇరవై ఏళ్ళు దాటిన కాపురంలో మొగుడు ప్లగ్గు తన్నడం ఆవిడ మొదటిసారి చూస్తోంది.

పావుగంటలో పిల్ల గెలిచింది. గొడుగుపిల్ల చివరి కప్పు మీంచి ఎగిరింది, వాయిద్యాలు మోగాయి, బొమ్మల గది తలుపు తెరుచుకుంది. "పేర్లున్నాయి తాతయ్యా! చదవనా? పెద్దసారు కోపం... మెట్లకింది కుక్క నిద్ర..."

"ఆగమ్మా," అన్నారు మాస్టారు. "కింద ఉన్నది నేను చెప్పాలి."

కూర్చోకుండానే చెప్పారు. బుడిపెగాడి నడక ఎవరిదో చెప్పారు. కింద పేరు ఏమని రాసుందో చెప్పారు. చితకడం కూడా దాచలేదు. ఏనుగు ఒక్కటీ వదిలేశారు.

బావగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మళ్ళీ పెట్టుకుని, మాస్టారి వైపు చూడకుండా, "మీరు," అన్నారు, "మా ఇంటికి వచ్చినప్పుడల్లా నన్నే చూస్తూ కూర్చునేవారు. అభిమానమనుకున్నాను."

ఆ 'మీరు' మాస్టారికి చెంపదెబ్బ కంటే గట్టిగా తగిలింది.

"ఎగతాళికి కాదు బావగారూ. మా అమ్మాయి పుట్టిన రోజది. మీ చెల్లెల్ని కాన్పు గదిలోకి తీసుకెళ్ళి ఆరు గంటలైంది, ఒక్కరూ బయటికొచ్చి ఏమీ చెప్పరు. నేను బెంచీ మీంచి లేవలేకపోతున్నా. మీరు మాత్రం వరండాలో ఆ చివర్నించి ఈ చివరికి నడుస్తూనే ఉన్నారు. ఎనిమిది అడుగులు, ఆగడం, ఆ తలుపు వైపు చూడ్డం, వెనక్కి తిరగడం. నేను ఇంక దేని గురించీ ఆలోచించకూడదని మీ అడుగులు లెక్కపెడుతూ కూర్చున్నా. జేబులో పెన్సిలుంటే గీశా. తర్వాత నెలలో ఆఫీసులో ఓ శత్రువు కావాలన్నారు, నడిచేవాడు. నా దగ్గర ఉన్న మంచి నడక అదొక్కటే."

పిల్ల ఒకసారి తాతని, ఒకసారి టీవీని చూసింది.

"వేయమ్మా," అన్నారు బావగారు. "ఆ నడకేదో వేయి. నేను అలా నడుస్తానో లేదో చూస్తాను."

పిల్ల పేరు నొక్కింది. ఇళ్ళ కప్పుల్లేవు, గొడుగు లేదు. నల్లటి తెర మీద బుడిపెగాడొక్కడే నడుస్తున్నాడు. మడమ, పొట్ట, తల. ఎనిమిది అడుగులు, ఆగడం, చూడ్డం, తిరగడం.

"నేనిలా నడవను," అన్నారు బావగారు వెంటనే. "ఎవరు చెప్పారు? నేను నిటారుగా నడుస్తాను." లేచి హాల్లో నాలుగడుగులు నడిచి కూడా చూపించారు. మెడ బిగించి, చేతులు పక్కకి వేలాడేసి, కవాతు చేసే పిల్లవాడిలా నడిచారు. పిల్ల పెదవి కొరుక్కుంది.

మళ్ళీ కూర్చుని, తెర వైపు చూశారు. చూస్తూనే ఉన్నారు. బుడిపెగాడు అటు వెళ్ళాడు, ఇటు వచ్చాడు. ఆయన వేలు కుర్చీ చేతిమీద మెల్లగా తాళం వెయ్యడం మొదలుపెట్టింది. కాసేపటికి వంటింటివైపు తిరిగి, "ఏమే, ఒకసారి ఇట్రా," అని పిలిచారు.

బావగారి భార్య తడిచేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఆవిడ ఆయనకి మేనత్త కూతురు, చిన్నప్పట్నించీ ఆ ఇంట్లో తిరిగిన మనిషి. ఇక్కడ జరిగిందేమీ ఆవిడకి తెలియదు.

"అది ఎవరో చెప్పు."

ఆవిడ తెర వైపు ఒక్క చూపు చూసింది. "ఎవరేంటండీ, మామయ్యగారు కదూ! అచ్చం అలాగే. ఎవరు తీశారిది?"

"అదే నేనూ అంటున్నాను," అన్నారు బావగారు. "ఇది నేను కాదు. మా నాన్న."

ఆయన రైల్వే గేటు దగ్గర పనిచేసేవారట. రైలొచ్చే వేళకి గేటు వేసి, ఆ స్తంభం నించి ఈ స్తంభం దాకా చేతులు వెనక్కి కట్టుకుని నడిచేవారట. "ఆ చివర ఆగేవాడు. రైలు కనపడుతోందా అని అటే చూసేవాడు. ఇదిగో, ఇలాగే," అన్నారు బావగారు తెర వైపు చూపిస్తూ. "చిన్నప్పుడు కట్టమీద కూర్చుని నేను చూస్తుండేవాణ్ణి. నేనూ అలాగే నడుస్తున్నానా? ఎవరూ చెప్పలేదే."

చెప్పబోయిన ఒకే ఒక్క డ్రైవరు గతి ఏమైందో అందరికీ గుర్తుంది.

మాస్టారి భార్య ఎప్పుడు గుమ్మం దగ్గర్నించి కదిలిందో ఎవరూ చూడలేదు. టీవీ ముందు, పిల్ల పక్కన, నేలమీద కూర్చుని ఉంది. తండ్రిది ఆవిడ దగ్గర ఒకటే ఫొటో, అది కూడా కుర్చీలో కూర్చున్నది. ఆయన నిలబడితే ఎలా ఉండేవారో, అడుగు ఎలా వేసేవారో ఆవిడకి తెలియదు. నాలుగేళ్ళ పిల్లకి ఏం గుర్తుంటుంది? ఇంట్లో మొగుడి కంప్యూటరు మీద ఆ గిన్నెగాణ్ణి లక్షసార్లు చూసింది. "ఇంకా ఆపలేదా వీణ్ణి, భోజనం చల్లారిపోతోంది" అని విసుక్కుంది కూడా.

"నాన్న ఇలా నడిచేవాడా అన్నయ్యా?"

"ఇలాగే. నిన్ను ఎత్తుకుంటే మాత్రం చేతులు ముందుకొచ్చేవి," అన్నారు ఆయన.

ఆవిడ మోకాళ్ళ మీద గడ్డం ఆనించుకుంది. బుడిపెగాడు అటు వెళ్ళి ఆగి చూసి వచ్చాడు. మళ్ళీ వెళ్ళాడు. మాస్టారికి ఏం చెయ్యాలో తోచక ఆ కుండీలో మొక్కనే చూస్తూ నిలబడ్డారు. తను చూడని మనిషిని ఇన్నాళ్ళూ గీస్తున్నారన్నమాట. ఎవర్ని చూసి గీశామో కచ్చితంగా రాసిపెట్టుకునే మనిషి, ఆ ఒక్క పేరూ తప్పు రాశారు.

"సోమవారం పేర్లు మార్చచ్చు బావగారూ," అన్నారు చివరికి. "మీరెలా చెప్తే అలా. నడక కూడా తీసెయ్యమంటే..."

"నడక జోలికి వెళ్ళావంటే నీకూ నాకూ మాటలుండవ్," అన్నారు బావగారు. "పేరు తీయించు. బావగారు చితకడమేంటోయ్, బుద్ధుందా? నలుగురూ చూస్తే ఏమనుకుంటారు? నాకు ఇంకా ఈ వీధిలో తిరగాలని ఉంది."

ఆ తిట్టు మధ్యలో 'నువ్వు' వచ్చేసింది. మాస్టారు ప్లగ్గు దగ్గరున్న స్టూలు మీద కూలబడ్డారు. ఏనుగు సంగతి చెప్పడానికి ఇది సమయం కాదని కూడా నిర్ణయించుకున్నారు.

టీలొచ్చాయి. పిల్ల గేము మళ్ళీ మొదటి లోకం నించి మొదలుపెట్టింది. గొడుగుపిల్ల కప్పుమీద నిలబడింది. ఎదురుగా మొదటి బుడిపెగాడు వస్తున్నాడు. మనవరాలు మీట నొక్కలేదు. వాడు తగిలాడు. ఒక ప్రాణం పోయింది. మళ్ళీ వచ్చాడు, మళ్ళీ తగిలాడు. రెండోది పోయింది.

"ఏమైందే, తొక్కవేం?" అన్నారు బావగారు.

"ముత్తాతయ్య కదా," అంది పిల్ల, తెరమీంచి చూపు తిప్పకుండా.

బావగారు టీ కప్పు పక్కన పెట్టారు. కుర్చీలో ముందుకి జరిగి, పిల్ల భుజంమీద చెయ్యి వేశారు. బుడిపెగాడు మూడోసారి వస్తున్నాడు, పొట్ట ముందు, తను వెనక.

"తొక్కు తల్లీ," అన్నారు. "ఆయన డ్యూటీలో ఉన్నాడు."